గోనెసంచి మీద కడ్డీ

బుధవారం,
తెల్లవారుజామున ఐదు గంటలు.

చిరంజీవి అమ్మడికి,

నాన్న మనసారా దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాం. టీ కెటిల్ ఒక్కటే కాలం చేసింది, దాని కథ తర్వాత చెప్తాను. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, మా బుడంకాయగాడూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. వాడికి రెండో పన్ను కూడా వచ్చిందని రాశావు. ఇక నీ వేళ్ళు జాగ్రత్త.

నీ ఉత్తరం శనివారం అందింది. అయిదు ప్రశ్నలు వేసి, వాటికి నంబర్లు కూడా పెట్టావు. ఉత్తరంలో కూడా నర్సుబుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. వరసగానే జవాబులు చెప్తాను. అయిదోది మాత్రం ఆఖరుకి ఉంచుతాను. చిన్నప్పుడు నువ్వు కంచంలో ఇష్టమైనది చివరికి దాచుకునేదానివి. అది నా దగ్గర నేర్చుకున్నదే.

మొదటిది నా మోకాలు. అది ఉన్నచోటే ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు నన్ను పలకరిస్తుంది, దిగేటప్పుడు మర్చిపోతుంది. నువ్వు పంపిన నూనె రాస్తున్నాను. రెండోది, వేళకి తింటున్నానా అని. మీ అమ్మ ఉండగా ఆ ప్రశ్న అడగడానికి నీకు మనసెలా ఒప్పింది? హాస్టల్ వంటగదికి బయల్దేరే ముందు నా గిన్నెలన్నీ బల్ల మీద వరసగా పెట్టి మూతల మీద కాగితాలు అంటిస్తుంది. ఒకదాని మీద ‘ఎనిమిదింటికి’, ఒకదాని మీద ‘పన్నెండింటికి, వేడి చేసుకుని’. నిన్న ఒక మూత మీద ‘ఇది మీది కాదు’ అని ఉంది. రెండు వందల మంది ఆడపిల్లలకి వండిపెట్టే మనిషి ఒక్క మొగుణ్ణి మాడుస్తుందా? ఆవిడ రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. అంతవరకూ పొద్దున్న నాలుగున్నర నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఈ ఇంటికి నేనే రాజుని, నేనే బంటుని.

మూడో ప్రశ్న నాకు బాగా నచ్చింది. ‘రిటైరయ్యాక కూడా అంత పెందరాళే లేచి ఏం చేస్తావు నాన్నా?’ అన్నావు. ఏమీ చెయ్యను. దాని రుచే అది.

ముప్పై నాలుగేళ్ళు నా తెల్లవారుజాములు నీళ్ళ డిపార్టుమెంటువి. నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తున్నాను, బుడంకాయగాడు పెద్దయ్యాక తాత ఏం పని చేసేవాడని అడిగితే చూపించడానికి ఉంటుంది. ఊరంతా కొళాయిలు కట్టేసి పడుకున్న వేళ కూడా లైనులో నీళ్ళు కదులుతున్నాయంటే ఎక్కడో పైపుకి చిల్లు పడ్డట్టు. అదెక్కడో పట్టుకోవడం నా పని. గజం పొడవు ఇనుప కడ్డీ, దాని పై కొసన చెక్క గిన్నె. మొన రోడ్డు మీద ఆనించి గిన్నె చెవికి పెట్టుకుంటే మంచి పైపు గమ్మున ఉంటుంది, చిల్లు పడ్డది సన్నగా బుస కొడుతుంది. బుస ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ తవ్వాలి. ఒక్క లారీ కదిలినా ఏమీ వినబడదు గనక మా పనంతా మూడింటికీ అయిదింటికీ మధ్యనే. నా గురి తప్పేది కాదు. డిపార్టుమెంటులో నన్ను ‘పాముచెవుల మేస్త్రి’ అనేవారు. పైకి విసుక్కునేవాణ్ణి గానీ, లోపల నాకు భలే గర్వంగా ఉండేది.

అప్పట్లో నిశ్శబ్దం నాకు పనిముట్టు. ఇప్పుడు దానితో పని లేదు గనక ఊరికే కూర్చుని అనుభవిస్తాను. మీ అమ్మ వెళ్ళగానే టీ పెట్టుకుని, వంటింట్లో పెరటి గుమ్మానికి ఎదురుగా నా కుర్చీ వేసుకుంటాను. ముందు ఎదుటి మేడ మీద నీళ్ళ టాంకు అంచు కనబడుతుంది. తర్వాత బట్టల తీగ, దాని మీద మీ అమ్మ మర్చిపోయిన క్లిప్పులు. పాలవాన్ లైటు గోడ మీదుగా పాకి పోతుంది. పక్కింటి కిటికీ పసుపుపచ్చగా వెలుగుతుంది, అందులో ఆ ఇంటాయన పళ్ళు తోముకుంటూ అటూ ఇటూ నడుస్తాడు. టీలోంచి ఆవిరి లేస్తుంది. ఎక్కడా చప్పుడుండదు. ముప్పై నాలుగేళ్ళ పాటు ఊరి నీళ్ళు కాపాడినందుకు ఊరు నాకిచ్చిన బహుమానం ఇదే కాబోలు అనుకునేవాణ్ణి. రిటైరయ్యాక ఈ రెండున్నరేళ్ళలో నీకు రాసిన ఉత్తరాలన్నింటిలోనూ ఆ మాటే రాశాను కదా. పిచ్చుకలు మన వీధి వదిలేశాయని రాశాను, గోడగడియారం టిక్కుటిక్కు మానేసిందని రాశాను. అవన్నీ గుర్తుంచుకో.

నాలుగోది వంటింటి గోడ చెమ్మ. మీ అమ్మ నీకు కూడా ఫిర్యాదు చేసిందన్నమాట. నాకైతే వర్షాకాలం నుంచీ చెప్తోంది, ‘ఏమండీ, ఇది కింద నుంచి పైకి పాకుతోంది, పైపేమో చూడండి’ అని. నేను వింటేనా! ‘ముప్పై నాలుగేళ్ళు పైపుల మధ్య బతికినవాడికి నువ్వు పైపుల గురించి చెప్తావా? ఇది డాబా మీది వాననీళ్ళు’ అని తీసిపారేశాను. ఇద్దరు మనుషులతో డాబాకి పూత వేయించాను. ఎండలు వచ్చాయి, గోడ ఆరలేదు. నేను మాత్రం రోజూ ఆ గోడ పక్కనే కుర్చీ వేసుకుని టీ తాగుతూ నిశ్శబ్దాన్ని మెచ్చుకుంటూ కూర్చున్నాను.

పోయిన గురువారం ఇంకా తెల్లవారకుండానే వాకిట్లో మనిషి నీడ కనబడింది. చూస్తే ఫిట్టరమ్మ. నా దగ్గర పన్నెండేళ్ళు పనిచేసింది, ఇప్పుడు నా స్థానంలో ఉన్నది ఆవిడే. నేను రిటైరైన రోజున నా కడ్డీ ఆవిడ చేతికే ఇచ్చాను. అదే కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది.

“మేస్త్రి గారూ, తలుపు కొట్టీ కొట్టీ చేతులు నొప్పెట్టాయండీ. నిద్రపోతున్నారేమో అనుకున్నా” అంది.

“మెలకువగానే ఉన్నానమ్మా, ఏదో ఆలోచనలో పడ్డాను. ఏమిటిలా వచ్చావు?”

“మీ వీధి లైనులో నీళ్ళు పోతున్నాయండీ. మూడు రోజులుగా వెతుకుతున్నా. చెప్తే నవ్వుతారు, కడ్డీ మీ గుమ్మం దాకా తీసుకొచ్చింది.”

నిజంగానే నవ్వాను. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా ఇంటి దొంగని ఫిట్టరమ్మ పట్టిందే అన్నాను. వంటింట్లోకి తీసుకెళ్ళాను. ఆవిడ నా కుర్చీ పక్కకి జరిపి, నేల మీద మొన ఆనించి, రెండు నిమిషాలు విని తలూపింది. “ఇక్కడేనండీ. మీరూ ఒకసారి వినండి” అని గిన్నె నా వైపు తిప్పింది.

చాలా రోజుల తర్వాత ఆ చెక్క నా చెవికి తగిలింది. అలవాటు చొప్పున కళ్ళు మూసుకున్నాను. ఏమీ లేదు. ఊపిరి బిగపట్టి విన్నాను. మా వంటింట్లో ప్రతి తెల్లవారుజామునా ఉండే నిశ్శబ్దమే గిన్నెలోనూ ఉంది.

అమ్మడూ, అప్పుడు నేను “ఆఁ, ఉంది” అన్నాను.

“కొంచెం జరుపుతాను. ఇక్కడెలా ఉంది?” అని నా రెండో చెవి దగ్గర గట్టిగా అడిగింది.

“ఇక్కడ ఇంకా గట్టిగా ఉంది” అన్నాను.

కళ్ళు తెరిచి చూద్దును కదా, కడ్డీ మొన గుమ్మం దగ్గరి గోనెసంచి మీద ఉంది. కాళ్ళు తుడుచుకోవడానికి మీ అమ్మ నాలుగు మడతలు పెట్టి వేసిన గోనెసంచి మీద.

ఇది నీకు విడమరిచి చెప్పాలి. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి నేను పెట్టే పరీక్ష అదే. వాళ్ళు కళ్ళు మూసుకోగానే మొన గోనెసంచి మడత మీద పెట్టేవాణ్ణి. దానిలోంచి ఏ చప్పుడూ రాదు. భయానికో గొప్పకో ‘వినబడుతోందండీ’ అన్నవాణ్ణి ఆరోజుకి ఇంటికి పంపేసేవాణ్ణి. ‘వినబడకపోతే వినబడలేదని చెప్పు. చెవుడుతో ఒక గొయ్యి తప్పుతుంది, అబద్ధంతో ఊరంతా తవ్వాల్సొస్తుంది’ అనేవాణ్ణి. ఫిట్టరమ్మ చేరిన మొదటిరోజున ‘నాకేం వినబడలేదండీ’ అని ఏడుపు ముఖంతో చెప్పింది. అందుకే ఆవిణ్ణి పనిలో ఉంచుకున్నాను.

“గోనెసంచికి లీకులుండవండీ మేస్త్రి గారూ” అంది. అది కూడా నా మాటే. ఎగతాళిగా అనలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. “మిమ్మల్ని పరీక్షించాలని పెట్టలేదండీ. మొదటిసారి మీ ముఖం చూసి నమ్మబుద్ధి కాక పెట్టాను. ఎప్పటినుంచండీ?”

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. మనుషుల్ని పిలిపించి రెండు బండలు లేపించింది. నేను కుర్చీ వేసుకునే చోట, సరిగ్గా నా కాళ్ళ కింద, పైపు అతుకు దగ్గర వేలెడు చిల్లు. నెలల తరబడి నా పాదాల కింద బుస కొడుతూనే ఉంది. గోడలకి చెవులుంటాయంటారు, మన ఇంట్లో వాటికే ఉన్నాయి.

నువ్వు నర్సువి, ఈపాటికి నీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా నా చేత్తో నేను రాయాలి. నాకు సరిగ్గా వినబడదు అమ్మడూ. ఎప్పుడు మొదలైందో నాకే తెలీదు. రిటైరైనందుకు ఉదయాలు ప్రశాంతంగా మారాయనుకున్నాను గానీ, ప్రశాంతత నా చెవుల్లో ఉందని అనుకోలేదు. మొదట్లో నిజంగానే తెలియలేదు. తెలిశాక తెలియనట్టు నటించాను. ఇప్పుడు నీకు రాసిన ఉత్తరాలు వెనక్కి తిరగేస్తే సిగ్గేస్తోంది. గడియారాన్ని రెండుసార్లు బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళాను. రెండోసారి అతను దాన్ని తన చెవి దగ్గర పెట్టుకుని, నా ముఖం చూసి, ‘మీ గడియారానికేం రోగం లేదండీ’ అన్నాడు. మర్యాదస్తుడు, అక్కడితో ఆపాడు. పిచ్చుకలు ఎక్కడికీ పోలేదు, ఎదుటి మేడ పిట్టగోడ మీదే ఉన్నాయట. కెటిల్ ఈల వేసి వేసి, నీళ్ళన్నీ ఇగిరిపోయి, అడుగు మాడి చచ్చింది. నేను దానికి మూడడుగుల దూరంలో కూర్చుని ఆకాశం చూస్తున్నాను.

ఫోనులో మాట గాలికి పోతుంది, ఉత్తరమైతే దాచుకోవచ్చు, నాకు ఉత్తరాలే రాయి అని నిన్ను అడిగాను చూశావా, అది కూడా అబద్ధమే. ఫోనులో నీ గొంతు నాకు దోమ రెక్కలాగా వినిపిస్తుంది, ఒక్క మాటా అందదు. ఆ సంగతి చెప్పలేక, డ్యూటీ చేసి వచ్చి బిడ్డని భుజాన వేసుకుని నువ్వు నాకోసం కాగితాలు నింపేలా చేశాను. దాచుకున్న మాట మాత్రం నిజం. అన్నీ నా బీరువాలో ఉన్నాయి.

ఇక అయిదోది. మన ఊరి ఆసుపత్రికి బదిలీ ఇస్తామంటున్నారని, పదిహేనో తేదీలోగా జవాబు చెప్పాలని రాశావు. పొద్దున్న ఆరింటికి నీ డ్యూటీ. పిల్లల్ని చూసుకునేచోట తొమ్మిదింటికి గానీ తలుపులు తెరవరు. అల్లుడుగారు వంతెనల పని మీద నెలలో ఇరవై రోజులు ఊళ్ళు పట్టుకుని తిరుగుతూనే ఉంటారు. ‘ఆ మూడు గంటలూ బుడంకాయని నీ దగ్గర వదలొచ్చా నాన్నా? నువ్వెలాగూ మేలుకునే ఉంటావుగా. నువ్వు సరేనంటేనే బదిలీకి ఒప్పుకుంటాను’ అన్నావు.

ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నా కుర్చీ, నా టీ, నా ఒళ్ళో వాడు. నాకు జీవితంలో ఇంకేదీ అక్కర్లేదు అనిపించింది. శనివారం సాయంత్రమే ‘సరే’ అని రాసేశాను కూడా. కవరు అంటించాను. ఆదివారం పోస్టు ఉండదు గనక ఆగింది.

అంటించిన కవరు బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే, రెండు నెలల క్రితం మీరు వచ్చి వారం రోజులున్నప్పటి ఒక పొద్దున్న గుర్తొచ్చింది. మర్చిపోయిందీ లేదు, గుర్తు రాకుండా తొక్కిపెట్టానంతే. నువ్వు స్నానానికి వెళ్తూ ‘వాడు పడుకున్నాడు, ఒక చెవి అటు వేసి ఉంచు నాన్నా’ అన్నావు. నీ పెదాలు చూసి తలూపాను. తలుపు తీసే ఉంది. వాడికీ నాకూ మధ్య నాలుగడుగులు. నువ్వు తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చేసరికి వాడు ఏడ్చి ఏడ్చి కందగడ్డలా ఉన్నాడు, దుప్పటి మెడకి చుట్టుకుని ఉంది. ‘నిద్రపోయావా నాన్నా?’ అన్నావు. నేనేమన్నానో నీకు గుర్తుందా? ‘కాసేపు ఏడవనీ, ఊపిరితిత్తులకి మంచిది’ అన్నాను. నువ్వు నా వైపు అదోలా చూసి, పాతకాలం మనిషి అనుకుని ఊరుకున్నావు.

నేను నిద్రపోలేదమ్మా. మెలకువగా ఉన్నాను. పొద్దున్న ఎంత హాయిగా ఉందో అనుకుంటూ టీ తాగుతున్నాను. దుప్పటి మెడకి బిగుసుకుంటున్నంత సేపూ నేను ఆ హాయిలోనే ఉన్నాను. నన్ను క్షమించు.

కాబట్టి నా జవాబు ఇది. బుడంకాయని నాకు ఒక్కడికీ అప్పగించొద్దు.

కవరు చింపేసి మీ అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకీ అప్పటిదాకా చెప్పలేదు. ఫిట్టరమ్మ లీకు పట్టిందని చెప్పాను గానీ, నేను పట్టలేకపోయానని చెప్పలేదు. మీ అమ్మ మాట నాకెప్పుడూ స్పష్టంగా వినబడుతుంది. వంటగదిలో పెద్ద పెద్ద గుండిగల మధ్య అరిచి అరిచి ఆవిడ గొంతు అలా అయిపోయిందని నేను నవ్వేవాణ్ణి, నీకూ రాశాను. ఆ గొంతు చాటునే ఇన్నాళ్ళూ దాక్కున్నాను. మింగలేక కక్కలేక మొత్తానికి చెప్పేశాను. ఆవిడ ఉల్లిపాయలు తరగడం ఆపలేదు.

“రెండేళ్ళ నుంచీ తెలుసు” అంది.

“నీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలండీ? మరి నా గొంతు ఎందుకు పెరిగిందనుకున్నారు? హాస్టల్‌లో ఎవరినైనా అడగండి, నేను నోరెత్తి ఎరగను. ఇంటికొస్తేనే ఈ అరుపులు. రాత్రి పడుకునేసరికి గొంతు మండిపోతుంది.”

రెండేళ్ళుగా ఆవిడ గొంతు చించుకుంటుంటే నేను దాన్ని చూసి నవ్వాను.

“ముందే అనొచ్చుగా?” అన్నాను.

“పాముచెవుల మేస్త్రికి చెవుడని నేనెలా అంటానండీ? మీరే చెప్తారని చూశాను. అమ్మాయికి మాత్రం ఈ రెండు రోజుల్లో మీరు రాయకపోతే నేనే రాసేదాన్ని.” కత్తి పక్కన పెట్టి, “పసివాడి విషయం కదా” అంది.

సోమవారం ఫిట్టరమ్మ సెలవు పెట్టి మరీ నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక చిన్న గాజుగదిలో కూర్చోబెట్టి చేతికి మీట ఇచ్చారు. చప్పుడు వినబడితే నొక్కాలట. చాలాసేపు ఏమీ లేదు. అద్దం అవతల డాక్టరు నన్నే చూస్తోంది. ఊరికే ఒకసారి నొక్కేద్దామని బొటనవేలు ఎంత దురద పెట్టిందో చెప్పలేను. గోనెసంచి గుర్తొచ్చి ఆగాను. మూడు వారాల్లో రెండు చెవులకీ మిషన్లు వస్తాయి. పాత చెవులు తిరిగి రావని, ఉన్నవాటికి ఇవి చేతికర్రల్లాంటివనీ డాక్టరు చెప్పింది.

మీ అమ్మ నిన్న వార్డెనుతో మాట్లాడింది. వచ్చే నెల నుంచి పొద్దుటి వంట ఇంకొకామెకి అప్పగించి, తను పదింటికి వెళ్తుంది. కాబట్టి నువ్వు బదిలీకి ఒప్పుకో. వినడానికి మీ అమ్మ ఉంటుంది, ఎత్తుకోవడానికి నేనుంటాను. ఆ గంటల్లో వాణ్ణి పక్క మీద వెయ్యకుండా నా గుండె మీదే వేసుకుంటాను. ఏడిస్తే నా చెవికి తెలియకపోవచ్చు గానీ ఛాతీకి తెలుస్తుంది. ఇంత చదివాక కూడా నీకు నమ్మకం కుదరకపోతే, వద్దని రాయి. నొచ్చుకోను. లేదు, నొచ్చుకుంటాను, కానీ నీదే న్యాయం అనుకుంటాను. వచ్చిన మొదటివారం నా వెనక నిలబడి, చెప్పకుండా, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు నన్ను పరీక్షించు.

ఇందాక మీ అమ్మ బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి ఏదో అంది. ఇక అరవనని నాతో ఒప్పందం చేసుకుంది. రెండేళ్ళ తర్వాత తన అసలు గొంతుతో మాట్లాడింది, పెదాలు కదలడం మాత్రం చూశాను. పాత అలవాటు తలూపమంది. నేను ఊపలేదు.

“వినబడలేదు. ఇటు తిరిగి ఇంకోసారి చెప్పు” అన్నాను.

ఆవిడ వెనక్కి వచ్చి, నా కుర్చీ దగ్గర వంగి, చెవి పక్కన మెల్లగా చెప్పింది. “గొడుగు తీసుకెళ్తున్నానన్నాను, అంతే.”

అంతేనట. అయినా నాకు ఈ ఉదయమంతా ఆ మాటే వినబడుతోంది.

ఇట్లు,
వినబడకపోతే వినబడలేదని చెప్పే
మీ నాన్న.